తూకం చెప్పిన రూపం

తూకానికి రూపం తెలియదు. బంగారు నగలమీద అప్పులిచ్చే బ్యాంకు శాఖ ఏదైనా సరే, అప్రైజరు బల్లమీద చిన్న తరాజు ఒకటి ఉంటుంది. దానిమీద రెండు గాజులు పెట్టండి, ఒక గొలుసు పెట్టండి, ఇరవై నాలుగు గ్రాములంటే ఇరవై నాలుగు గ్రాములే. గుండ్రంగా ఉందో, మెలికలు తిరిగి ఉందో, లోపల లక్క నింపారో ఆ తరాజుకు అక్కరలేదు. అటువంటిది, కంటికే కాదు, మామూలు సూక్ష్మదర్శినికి కూడా అందని వస్తువులను తూకం వేసి, ఆ తూకంనుంచే వాటి రూపం రాబట్టినవాళ్ళు ఉన్నారు. తూకం ఒక్కటే చాలలేదు, కంప్యూటరు కూడా తోడయింది. ఆ రెండూ ఎలా కలిశాయన్నదే ఈ వ్యాసం.

నేను కామర్సు చదివినవాణ్ణి. ముప్ఫై ఏళ్ళుగా బ్యాంకు ఉద్యోగం. మా అమ్మకు రోజూ ఇన్సులిన్ సూది వేసే పని నాది గనుక, ఆ సీసాలో ఉన్నదేమిటన్న ప్రశ్నతో మొదలై ఈ చదువు నాకు అంటుకుంది. మన పత్రిక పాఠకుల్లో చాలామంది నావంటివారే. ఇంట్లో తెలుగు, బడిలో తమిళమో కన్నడమో ఒడియానో మరాఠీయో, సైన్సు మాత్రం ఇంగ్లీషులో. అంచేత ఏ మాట తెలుగులో తేలిగ్గా పలుకుతుందో దాన్ని తెలుగులోనూ, ఇంగ్లీషు మాటే నోటికి అలవాటయి ఉంటే దాన్ని అలాగేనూ వాడుతున్నాను. ప్రోటీన్‌ను మన పాఠ్యపుస్తకాలు మాంసకృత్తు అన్నాయి. కందిపప్పులో ఉండేదాన్ని కూడా మాంసకృత్తు అనవలసి రావటం శాకాహారులకు కాస్త ఇబ్బందే. ప్రోటీన్ అనే అందాం.

ప్రోటీన్ అంటే ఒక దండ. అమినో ఆమ్లాలనే పూసలు ఇరవై రకాలున్నాయి, ఏ పూస తరువాత ఏ పూస అన్నదాన్ని బట్టి ప్రోటీన్ మారుతుంది. ఇన్సులిన్‌లో పూసలు 51. మానవ ఇన్సులిన్ బరువు సుమారు 5,808 డాల్టన్లు. ఒక హైడ్రోజన్ పరమాణువు బరువు దాదాపు ఒక డాల్టన్ అనుకుంటే ఈ లెక్కకు చాలు. రక్తంలోని హీమోగ్లోబిన్ సుమారు 64,500. అయితే దండ దండలా సాగి ఉండదు. తనలోకి తాను ముడుచుకుని, మడతలు పడి, ఒక నిర్దిష్టమైన ఆకారానికి వస్తుంది. ఆ ఆకారంలో ఉన్నంతసేపే దానికి పని. కోడిగుడ్డు తెల్లసొనను పెనంమీద వేస్తే అందులో పూసలు ఎక్కడికీ పోవు, వరస చెడదు. మడతలు మాత్రం విడిపోతాయి. అట్టు మళ్ళీ సొన కాదు.

ఈ మడతలను మొదట చూపించినవి ఎక్స్-కిరణాలు. కేంబ్రిడ్జిలో ఫ్రెడరిక్ శాంగర్ 1955 నాటికి ఇన్సులిన్ పూసల వరస మొత్తం తేల్చారు. 1958లో అక్కడే జాన్ కెండ్రూ తిమింగలం కండరాల్లోని మయోగ్లోబిన్ ఆకారాన్ని స్థూలంగా చూపించారు, 1960కి మరింత స్పష్టంగా. ఆ లెక్కలకు ఎడ్సాక్ అనే తొలితరం కంప్యూటరును వాడుకున్నారు. అంటే ప్రోటీన్లూ కంప్యూటర్లూ కలిసే పెరిగాయన్నమాట. కానీ ఎక్స్-కిరణాల పద్ధతికి ఒక షరతు ఉంది. ప్రోటీన్ పటికబెల్లంలా స్ఫటికం కట్టాలి. కట్టనివి కోకొల్లలు.

ఇక్కడ మన వీధికి వద్దాం. 1952లో జె.డి. బెర్నాల్ అనే శాస్త్రవేత్త మద్రాసు వచ్చి, కొలాజెన్ అనే ప్రోటీన్ ఆకారం ఇంకా ఎవరికీ సరిగ్గా తేలలేదని విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్‌గారితో అన్నారు. చర్మానికీ, ఎముకకూ, స్నాయువుకూ బలమిచ్చేది కొలాజెనే. తోళ్ళ పరిశ్రమకు అదే ముడిసరుకు. గిండీలోని ఆయన ప్రయోగశాలకు పక్కనే అడయారులో కేంద్ర తోళ్ళ పరిశోధన సంస్థ ఉంది, నమూనాలు అక్కడినుంచి వచ్చాయి. తెనాలి దగ్గర యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మగారు తరువాత 1958 నుంచి డైరెక్టరుగా నడిపిన సంస్థ అదే. ఆయనా, రామచంద్రన్‌గారూ ఇద్దరూ 1922లో పుట్టినవారే. కంగారూ తోక స్నాయువు మీద తీసిన ఎక్స్-కిరణ చిత్రాలు బాగా వచ్చాయి. వాటిని బట్టి రామచంద్రన్, గోపీనాథ్ కర్తా కలిసి 1954లో, కొలాజెన్ మూడు పోగుల తాడులా మెలివేసుకుని ఉంటుందని ప్రకటించారు.

నాకు అంతకన్నా నచ్చినది ఆ తరువాతి కథ. ఇంగ్లండునుంచి ఫ్రాన్సిస్ క్రిక్, అలెగ్జాండర్ రిచ్ అభ్యంతరం చెప్పారు. మీ నమూనాలో కొన్ని పరమాణువులు ఒకదానికొకటి మరీ దగ్గరగా వచ్చాయి, అంత దగ్గర కుదరదు అన్నారు. ఆడిటరు రాసిన ఆక్షేపణకు కోపం తెచ్చుకునే మేనేజర్లను చాలామందిని చూశాను. రామచంద్రన్‌గారు ఆ ఆక్షేపణనే ప్రశ్నగా చేసుకున్నారు. అసలు పరమాణువులు ఎంతవరకూ దగ్గరకు రావచ్చు? అప్పటికి తెలిసిన స్ఫటికాలన్నిటిలోంచి దూరాలు ఏరి, పూసకూ పూసకూ మధ్య దండ ఏయే కోణాల్లో తిరగగలదో, ఏయే కోణాల్లో తిరిగితే పరమాణువులు ఢీకొంటాయో సి. రామకృష్ణన్, వి. శశిశేఖరన్‌లతో కలిసి లెక్క కట్టారు. 1963లో అచ్చయిన ఆ పటానికి రామచంద్రన్ పటమనే పేరు నిలిచింది. చాలా భాగం తెల్లగా ఉండే చదరం అది. తెలుపు అంటే కుదరదని. కుదిరే చోట్లు కొద్దిపాటి దీవులు. ఇవాళ ప్రపంచంలో ఎవరు ఏ ప్రోటీన్ ఆకారం తేల్చామన్నా, ఎక్స్-కిరణాలతో తేల్చినా కంప్యూటరుతో ఊహించినా, ముందు ఈ పటంమీద పెట్టి చూస్తారు. తెల్లచోట్ల చుక్కలు ఎక్కువగా పడితే సంజాయిషీ చెప్పుకోవాలి. ప్రోటీన్ల తొలి ఆడిట్ మాన్యువల్ మద్రాసులో తయారయిందని నేను సరదాగా అంటూ ఉంటాను.

పటం కుదరనివి తీసేస్తుంది, కుదిరేవాటిలో ఏది నిజమో చెప్పదు. ఒక్కొక్క కీలు దగ్గర మూడంటే మూడే భంగిమలు ఉన్నాయనుకున్నా, నూరు పూసల దండకు 5 పక్కన 47 సున్నాలు పెట్టినన్ని ఆకారాలు వస్తాయి. ఏ లెడ్జరులోనూ అంత వెడల్పు గడి లేదు. ఇన్ని తిరిగి చూసుకుంటూ కూర్చుంటే ప్రోటీన్ ఏనాటికీ మడత పడదుగదా అని సైరస్ లెవింథాల్ 1960ల చివర ప్రశ్నించారు. కానీ కణంలో అది సెకన్లలో, అంతకన్నా తక్కువలో పడిపోతోంది. 1975లో మైకేల్ లెవిట్, ఏరియెల్ వార్షెల్ మడత పడటాన్ని కంప్యూటరులో అనుకరించారు. 1977లో మార్టిన్ కార్ప్లస్ బృందం ఒక చిన్న ప్రోటీన్ కదలికను సుమారు 9 పికోసెకన్లపాటు లెక్కగట్టింది. సెకనులో లక్ష కోట్లవ వంతు ఒక పికోసెకను. ఈ ముగ్గురికీ 2013లో నోబెల్ బహుమతి వచ్చింది. లెక్క బాగానే సాగుతోంది, దాన్ని సరిచూసుకోవటానికి బయటినుంచి సాక్ష్యం కావాలి. స్ఫటికం కట్టని ప్రోటీన్ విషయంలో ఆ సాక్ష్యం ఎక్కడినుంచి వస్తుంది?

తరాజు దగ్గరకు ఇప్పుడు వస్తున్నాను. అణువులను తూచే యంత్రం మాస్ స్పెక్ట్రోమీటరు పాతదే. కేంబ్రిడ్జిలో జె.జె. థామ్సన్ చేతికింద పనిచేసిన ఫ్రాన్సిస్ ఆస్టన్ 1919లో దానికి ఒక రూపం తెచ్చారు, 1922లో నోబెల్ అందుకున్నారు. సూత్రం తేలికే. అణువుకు విద్యుదావేశం ఇచ్చి శూన్యంలో ఎగరేస్తారు. బరువైనది తక్కువ వంగుతుంది, లేదా ఆలస్యంగా చేరుతుంది. చిక్కల్లా ఎగరెయ్యటంలోనే. కర్పూరంలాంటి పదార్థమైతే వేడికి ఆవిరై ఎగురుతుంది. ప్రోటీన్ ఎగరదు. తెల్లసొన సంగతి పైన చెప్పనే చెప్పాను, వేడి చేస్తే గట్టిపడుతుంది, ఇంకా వేడి చేస్తే మాడుతుంది. అందుకని పుట్టిన తరువాత దాదాపు 60 ఏళ్ళపాటు ఈ తరాజు చిన్న అణువులకే పరిమితమయింది. ప్రోటీన్ చెక్కుచెదరకుండా ఎగరాలి. అది సాధించినవారిలో ఇద్దరి కథ చెప్పాలి.

మొదటివారు కోయిచి తనాకా. 1959లో జపాన్‌లోని టొయామాలో పుట్టారు. తొహోకు విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు పట్టా. రసాయనశాస్త్రంలో డిగ్రీ లేదు, డాక్టరేటు అసలే లేదు. 1983లో క్యోటోలోని షిమాద్జు అనే పరికరాల కంపెనీలో చేరారు. అక్కడి బృందం లేజరు కాంతితో పెద్ద అణువులను ఎగరెయ్యాలని చూస్తోంది. తనాకా వంతు పని, లేజరు వేడిని పీల్చుకుని అణువును విరగకుండా పైకి నెట్టే పదార్థం వెతకటం. సన్నని కోబాల్టు పొడి ఒకటి ప్రయత్నించారు, గ్లిసరిన్ విడిగా ప్రయత్నించారు. రెండూ చాలలేదు. 1985లో ఒకరోజు పొడిలో కలపవలసిన ద్రవానికి బదులు గ్లిసరిన్ పడింది. పొడి ఖరీదైనది, పారెయ్యటానికి మనసొప్పలేదు. ఆ కలిసిపోయిన మిశ్రమాన్నే యంత్రంలో పెట్టారు. గ్లిసరిన్ త్వరగా ఆరుతుందని లేజరును అలాగే వెలిగించి ఉంచి, ఊరికే ఉండక తెరమీదకు చూస్తూ కూర్చున్నారు. విటమిన్ బి12 అణువు తాలూకు గుర్తు, అంతకుముందు ఎప్పుడూ కనిపించనిది, అక్కడ కనిపించింది. ఆ దారిలోనే ముందుకు వెళ్ళి 1987 నాటికి ప్రోటీన్లనే చెక్కుచెదరకుండా తూచి చూపించారు.

పొరపాటున పడ్డ గ్లిసరిన్ గురించే అందరూ చెబుతారు. నాకు మాత్రం పారెయ్యకపోవటమూ, ఆరేదాకా తెర చూస్తూ కూర్చోవటమూ పెద్దవిగా కనిపిస్తాయి. ఆ రెండూ ఏ గుమాస్తా అయినా చెయ్యగల పనులే. 2002 అక్టోబరులో నోబెల్ ప్రకటించిన నాడు ఆయన వయస్సు 43. కంపెనీ పనిబట్టలతోనే విలేఖరుల ముందు కూర్చున్నారు. ఈ రోజుల్లో విస్తారంగా వాడుకలో ఉన్న లేజరు పద్ధతి జర్మనీలో మిషాయెల్ కరాస్, ఫ్రాంజ్ హిల్లెన్‌కాంప్ రూపొందించినదనీ, వారికి కూడా వాటా రావలసిందనీ అప్పట్లో విమర్శ వచ్చింది. విమర్శలో పస ఉంది. పెద్ద ప్రోటీన్‌ను ఈ దారిన ఎగరెయ్యటం సాధ్యమని ముందు చూపినది తనాకాయే అన్నదీ నిజమే.

రెండోవారు అమెరికాలో జాన్ ఫెన్. 1917లో పుట్టారు. 1988లో తన ఫలితాన్ని లోకానికి చూపేనాటికి డెబ్బై దాటాయి. మాల్కమ్ డోల్ 1968లో ప్రయత్నించి వదిలిన దారిని ఈయన పట్టుకున్నారు. ప్రోటీన్ కలిపిన నీటిని సన్నని సూదిలోంచి, ఎక్కువ వోల్టేజి పెట్టి, తుంపరగా చిమ్ముతారు. ఒక్కొక్క తుంపరా ఆరుతూ ఆరుతూ చిన్నదవుతుంది, చివరికి ఆవేశాలన్నీ ప్రోటీన్‌మీద మిగిలి అది గాలిలో తేలుతుంది. వేడితో పని లేదు. తన నోబెల్ ఉపన్యాసానికి ఆయన పెట్టుకున్న పేరులో ఏనుగులవంటి అణువులకు రెక్కలు తొడగటం ప్రస్తావన ఉంది.

ఇందులో ఒక లెక్క ఉంది, అది చెప్పకుండా ఉండలేను. ఈ పద్ధతిలో ఒకే ప్రోటీన్‌మీద ఒకసారి 10 ఆవేశాలు, ఒకసారి 11, ఒకసారి 12 ఎక్కుతాయి. యంత్రం చూపించేది అసలు బరువు కాదు, బరువును ఆవేశాల సంఖ్యతో భాగించిన అంకె. ఆవేశాలెన్నో మనకు తెలియదు. గుర్రపు మయోగ్లోబిన్‌కు వరసగా 1696.1, 1542.0 అని రెండు గుర్తులు పడ్డాయనుకోండి. పక్కపక్క గుర్తులు గనుక ఆవేశాల్లో తేడా ఒకటే. రెండో అంకెలోంచి ఎక్కిన హైడ్రోజన్ బరువు 1 తీసెయ్యండి, 1541.0. రెండు అంకెల తేడా 154.1. భాగిస్తే 10. అంటే మొదటి గుర్తు పది ఆవేశాలది. 1696.1 లోంచి 1 తీసి పదితో గుణిస్తే 16,951. ఇదే మూడో గుర్తుతోనూ, నాలుగో గుర్తుతోనూ చేస్తే అదే బరువు మళ్ళీమళ్ళీ రావాలి. చిక్కనుకున్నదే సరిచూసుకునే సాధనమయింది.

బరువు వచ్చింది. మొదట్లో అడిగిన ప్రశ్న అలాగే ఉంది, రూపం ఎలా వస్తుంది? రెండు ఉపాయాలున్నాయి.

ఒకటి తడపటం. వానలో నడిచి వచ్చినవాడి బట్టలు విడివిడిగా తూస్తే, పైపంచె నీళ్ళోడుతూ బరువెక్కి ఉంటుంది, లోపలి బనియను అంతగా ఎక్కదు. ఏది పైన ఉందో ఏది లోపల ఉందో చూడకుండానే చెప్పవచ్చు. ప్రోటీన్‌ను భారజలంలో కాసేపు ఉంచితే బయటికి, వదులుగా ఉన్న చోట్ల మామూలు హైడ్రోజన్ పోయి భార హైడ్రోజన్ చేరుతుంది. చేరిన చోటల్లా బరువు ఒక డాల్టన్ పెరుగుతుంది. మడతల లోపల, గట్టిగా పట్టుబడి ఉన్న చోట్ల ఈ మార్పిడి మెల్లగా సాగుతుంది. వెంటనే చల్లబరిచి, జీర్ణాశయంలో దొరికే పెప్సిన్‌తో ముక్కలు చేసి తూస్తారు. ఈ ఆలోచన 1950లలోనే కోపెన్‌హాగెన్‌లో, కార్ల్స్‌బర్గ్ అనే బీరు కంపెనీ పెట్టిన ప్రయోగశాలలో లిండర్‌స్ట్రోమ్-లాంగ్‌కు వచ్చింది. ఆయన నీటిచుక్క సాంద్రతను కొలిచి మార్పిడి ఎంత జరిగిందో కనిపెట్టేవారు. ఫెన్ తుంపర పద్ధతి వచ్చాక, 1991లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంనుంచి, ప్రోటీన్ ఆకారం మారితే ఈ బరువు ఎలా మారుతుందో చూపిస్తూ వ్యాసం వెలువడింది. రాసినవారు విశ్వనాథం కట్టా, బ్రయన్ చెయిట్. మొదటి పేరు చదవగానే మన పాఠకుల చెవులు నిక్కబొడుచుకుంటాయని తెలుసు, నావీ అంతే. రెండో పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

రెండోది గుచ్చటం. మడతపెట్టిన చీరకు అక్కడక్కడ గుండుసూదులు గుచ్చి, తరువాత చీర విప్పి పరిచారనుకోండి. కొంగు దగ్గరి చిల్లూ, కుచ్చిళ్ళ దగ్గరి చిల్లూ ఒకే సూదివైతే, మడతలో ఆ రెండు చోట్లూ ఒకచోటికి వచ్చాయన్నమాట. తగినన్ని చిల్లులు దొరికితే చీర ఎలా మడిచారో చూడనివారు కూడా చెప్పగలరు. ప్రోటీన్‌కు గుచ్చే సూది ఒక రసాయనం, రెండు కొసలా అంటుకునే గుణం కలది. ఎక్కువగా వాడే సూది పొడవు సుమారు 11 ఆంగ్‌స్ట్రామ్‌లు. సెంటీమీటరును పది కోట్ల భాగాలు చేస్తే ఒక భాగం ఆంగ్‌స్ట్రామ్. గుచ్చాక ప్రోటీన్‌ను ముక్కలు చేసి తూస్తారు. ఒక ముక్క బరువు, దండలో ఎక్కడో ఉన్న ముక్క, మరెక్కడో ఉన్న ముక్క, సూది, ఈ మూడింటి మొత్తానికి సరిపోతే ఆ రెండు ముక్కలూ మడతలో ఇరుగుపొరుగు. వేల ముక్కల్లో ఏ మూడింటి కూడిక సరిపోతుందో వెతకటం కంప్యూటరు పని.

కంప్యూటరుకు ఇంకా పెద్ద పని తరువాత ఉంది. ఫలానా పూసా ఫలానా పూసా ఇన్ని ఆంగ్‌స్ట్రామ్‌లకు మించి దూరం ఉండటానికి వీల్లేదు అని షరతులు ఇచ్చి, వాటికి లోబడే ఆకారం తెమ్మంటారు. 2000లో కాలిఫోర్నియాలో కొందరు పరిశోధకులు ఎఫ్‌జీఎఫ్-2 అనే ప్రోటీన్‌తో ఇది నిజంగా పనిచేస్తుందా అని చూశారు. దాని ఆకారం అంతకుముందే ఎక్స్-కిరణాలతో తెలుసు, అది పక్కన పెట్టి సూది ముళ్ళను మాత్రమే కంప్యూటరుకు ఇచ్చారు. కొద్దిపాటి ముళ్ళతోనే అది సరైన కుటుంబపు ఆకారాన్ని ఎంచింది. జవాబు తెలిసిన లెక్కతో పద్ధతిని పరీక్షించటం మా వృత్తిలోనూ ఉన్నదే. తెలియని లెక్కకు దాన్ని నమ్మటం ఆ తరువాతే.

కరోల్ రాబిన్సన్ పేరు ఇక్కడ చెప్పకపోతే కథ కుంటుతుంది. పదహారో ఏట బడి మానేసి ఇంగ్లండులోని కెంట్‌లో ఫైజర్ మందుల కంపెనీలో టెక్నీషియనుగా చేరారు, అక్కడే ఈ యంత్రం పరిచయమయింది. ఉద్యోగం చేస్తూ చదువుకుని, కేంబ్రిడ్జిలో డాక్టరేటు చేసి, ముగ్గురు పిల్లలను పెంచటానికి ఎనిమిదేళ్ళు ఇంటిపట్టున ఉండి, మళ్ళీ వచ్చారు. కేంబ్రిడ్జిలోనూ, తరువాత ఆక్స్‌ఫర్డులోనూ రసాయనశాస్త్రానికి మొట్టమొదటి మహిళా ప్రొఫెసరు. కొన్ని ప్రోటీన్లు కలిసి కట్టుగా పనిచేస్తాయి, ఆ కట్టు విడిపోకుండా మొత్తాన్ని ఎగరేసి తూయవచ్చునని ఆమె పట్టుబట్టి చూపించారు. 14 ముక్కల గ్రోఎల్ అనే కట్టు, సుమారు 8 లక్షల డాల్టన్లది, 1999లో చెక్కుచెదరకుండా తూకానికి వచ్చింది. శూన్యంలో ఎగిరే ప్రోటీన్‌కు నీటిలోని రూపం ఎందుకు మిగులుతుందని అనుమానించినవారు తక్కువేమీ కాదు.

ఈ తూకమూ ఆ లెక్కా పూర్తిగా చెయ్యీ చెయ్యీ కలిపిన చోటు కణకేంద్రక ద్వారం. మన శరీరంలోని కణంలో అయినా, రొట్టెను పులియబెట్టే ఈస్టులో అయినా, కేంద్రకానికి గోడ ఉంటుంది, గోడకు గవాక్షాలుంటాయి. లోపలికీ బయటికీ వెళ్ళే సరుకంతా ఆ గవాక్షాలలోంచే. ఒక్కొక్క గవాక్షం వందల ప్రోటీన్ల కట్టు. స్ఫటికం కట్టించటానికి మరీ పెద్దది, మరీ మెత్తనిది. రాక్‌ఫెల్లర్‌లో మైకేల్ రౌట్, ఇంతకుముందు చెప్పిన బ్రయన్ చెయిట్, శాన్‌ఫ్రాన్సిస్కోలో కంప్యూటరు లెక్కల ఆంద్రే షాలి, ఈ ముగ్గురి బృందాలూ ఏళ్ళతరబడి దానిమీద కూర్చున్నాయి. అందులోని ఒక్కొక్క రకం ప్రోటీన్‌కూ ఒక పిడి తగిలించి బయటికి లాగారు. లాగినప్పుడు దానితోపాటు ఎవరెవరు వచ్చారో తూకం యంత్రం చెప్పింది. ఇటువంటి చుట్టరికాల జాబితా, మొత్తం బరువులు, సూక్ష్మదర్శినిలో కనిపించిన ఎనిమిది రేకుల పువ్వు ఆకారం, అన్నీ కంప్యూటరుకు షరతులుగా ఇచ్చారు. అది ప్రోటీన్లను ఎక్కడపడితే అక్కడ చల్లి, షరతులన్నీ తీరేవరకూ జరుపుతుంది. మళ్ళీ వేరే చోట చల్లి మొదలుపెడుతుంది. ఎన్నిసార్లు ఎక్కడ మొదలుపెట్టినా చివరికి ఒకే అమరికకు చేరుతూ ఉంటే అది కాకతాళీయం కాదు. 2007లో పటం వెలువడింది. 456 ప్రోటీన్లు, సుమారు 30 రకాలు.

ట్రయల్ బ్యాలెన్సు సరిపోయినంత మాత్రాన పద్దులన్నీ సరైనవని అర్థం కాదని బి.కాం. మొదటి సంవత్సరంలోనే నేర్పుతారు. అసలు పుస్తకంలో ఎక్కని వోచరును ఏ మొత్తమూ పట్టివ్వదు. 2018లో అదే బృందం మళ్ళీ వచ్చింది. ఈసారి మూడువేలకు పైగా గుండుసూది ముళ్ళు, మరింత నికరమైన లెక్కింపు, మొత్తం కట్టు బరువు సుమారు 5 కోట్ల 20 లక్షల డాల్టన్లు. ప్రోటీన్లు 456 కాదు, 552. ఎనిమిది రేకుల పువ్వు గనుక ఎనిమిదితో భాగించి చూడండి. అప్పుడు రేకుకు 57, ఇప్పుడు 69. కొన్నిరకాలు తాము మొదట అనుకున్నదానికన్నా ఎక్కువగా ఉన్నాయని తేల్చి, తమ పాత పటాన్ని తామే దిద్దుకున్నారు. పాత పటం మొత్తంమీది ఆకృతి నిలిచింది, అంకె మారింది. శాస్త్రవేత్తలమీద నాకున్న గౌరవంలో ఎక్కువ భాగం ఇటువంటి చోట్ల సంపాదించినది.

ఇంతలో కంప్యూటరు తన దారిన తాను పరుగెత్తింది. ఆకారం ఊహించటంలో ఎవరు మేలో తేల్చే పోటీ ఒకటి 1994 నుంచి రెండేళ్ళకోసారి జరుగుతోంది. జవాబు నిర్వాహకుల దగ్గర దాచి ఉంచి, పూసల వరస మాత్రం పోటీదార్లకు ఇస్తారు. 2020లో లండనులోని డీప్‌మైండ్ వారి ఆల్ఫాఫోల్డ్ అక్కడ మిగిలినవారిని చాలా వెనక్కు నెట్టింది. 2022 నాటికి 20 కోట్లకు పైగా ప్రోటీన్ల ఊహారూపాలు ఎవరైనా చూసుకోవచ్చునని తెరిచిపెట్టారు. 2024లో డెమిస్ హసాబిస్, జాన్ జంపర్, కొత్త ప్రోటీన్లను కల్పించే డేవిడ్ బేకర్, ఈ ముగ్గురూ నోబెల్ పంచుకున్నారు. అర్ధ శతాబ్దంగా ఎక్స్-కిరణాలవారూ ఇతరులూ చెమటోడ్చి తేల్చిన లక్షన్నరకు పైగా ఆకారాలను చదివి నేర్చుకున్న యంత్రమది. ఆ పాత వోచర్లు లేకపోతే ఈ కొత్త లెడ్జరు లేదు.

ఇకమీదట తరాజుతో పనేముందని అడిగేవారున్నారు. నేను ఉద్యోగంలో చేరినప్పుడు తోలు అట్టల లెడ్జర్లు, సాయంత్రం నగదు సరిపోయేదాకా ఇంటికి వెళ్ళే ప్రసక్తి లేదు. ఇప్పుడు ఖాతాదారు ఏమడిగినా సిస్టమ్‌లో ఇలా ఉందండీ అనే జవాబు చాలామందికి సరిపోతోంది. ఆల్ఫాఫోల్డ్‌ను తయారుచేసినవారు ఆ మాట అనలేదు, అది వారి గొప్పతనం. ప్రతి పూసకూ పక్కన నూటికి ఎంత నమ్మవచ్చో ఒక అంకె వేసి మరీ ఇస్తున్నారు. ఆ అంకె తక్కువగా ఉన్నచోట తడిపే పద్ధతీ గుచ్చే పద్ధతీ కావాలి. అంకె ఎక్కువగా ఉన్నచోట కూడా, ఆ రూపం ప్రోటీన్ ఒంటరిగా ఉన్నప్పటిదా, కణంలో పక్కవాళ్ళతో కలిసి ఉన్నప్పటిదా అన్నది అడగవలసిన ప్రశ్నే. ప్రోటీన్లు కదులుతాయి, మందు అణువు వచ్చి కూర్చుంటే సర్దుకుంటాయి. 2022లో మానవ కణంలోని గవాక్షాన్ని పటం కట్టినవారు ఆల్ఫాఫోల్డ్ ఊహలను తీసుకున్నారు. తీసుకుని, సూక్ష్మదర్శిని చిత్రాలతో సరిపోల్చి, అక్కడ ఇమిడినవాటినే ఉంచుకున్నారు.

ఆ గవాక్షం మధ్యలో, సరుకు నిజంగా దాటే చోట, ఏ మడతా పడని పోగులు వేలాడుతూ ఉంటాయి. గవాక్షంలోని ప్రోటీన్లలో సుమారు మూడోవంతు రకాలకు ఇటువంటి పోగులున్నాయి. వాటికి స్థిరమైన రూపమే లేదు, రూపం లేకపోవటమే వాటి పని. ఎవరిని దాటనివ్వాలో ఎవరిని ఆపాలో తేల్చేది అవే. కంప్యూటరు వాటిని గీసేటప్పుడు చిందరవందరగా రిబ్బను పారేసినట్టు గీసి, పక్కన తక్కువ అంకె వేస్తుంది. వాటిని తడిపి తూస్తే పూర్తిగా తడిసి వస్తాయి, ఎక్కడా పొడి చోటు ఉండదు.